దోషాన్వేషణం – కారణాన్వేషణం

ధూమాన్ని చూసి అగ్నిని అనుమించడం న్యాయశాస్త్రంలో మొదటి పాఠం. అగ్నిని చూసి ధూమాన్ని అనుమించరాదనేది రెండవ పాఠం. ఎర్రగా కాగిన ఇనుపగుండులో అగ్ని ఉంటుంది గాని పొగ ఉండదు. పొగ పుట్టాలంటే అగ్నికి తడికట్టెల సంయోగం తోడు కావాలి. మన దృష్టికి రాకుండా మధ్యలో నిలిచి వ్యాప్తిని చెరిచే ఆ ఆర్ద్రేంధన సంయోగానికే శాస్త్రకారులు ‘ఉపాధి’ అని పేరు పెట్టారు. ఈ రెండు పాఠాలనూ ముప్ఫై ఏళ్ళకు పైగా కళాశాలలో బోధించిన ఒక సంస్కృతాధ్యాపకునికి, పదవీవిరమణానంతరం, రెండవ పాఠాన్ని తన ఇంటి కంప్యూటరు ముందు కూర్చొని మళ్ళీ చదువుకోవలసివచ్చింది.

ఆయన నివాసం రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టుకు సమీపంలో. విరమణ చేసిన మరుసటి సంవత్సరమే తర్కసంగ్రహానికి తెలుగులో సమగ్రమైన వ్యాఖ్య వ్రాయాలని సంకల్పించి, అందుకోసమే ఒక కంప్యూటరు కొనుక్కున్నారు. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు ఆంధ్రుడు. బాలురకు సులభంగా బోధపడాలన్న ఉద్దేశంతో ఆ చిన్న గ్రంథాన్ని రచించి, అది చాలదేమోనని దీపిక అనే వ్యాఖ్యను కూడా తానే సంతరించాడు. అటువంటి గ్రంథానికి నేటి తెలుగు విద్యార్థికి అర్థమయ్యే వివరణ లేకపోవడం లోపమని అధ్యాపకుల అభిప్రాయం. పదకొండేళ్ళుగా రోజుకు ఒక పుట, ఒక్కొక్కరోజు ఒక వాక్యం, ఇలా వ్రాసుకుంటూ వచ్చారు. ఆ వ్రాత అంతా ఆ యంత్రంలోనే ఉంది. మూడేళ్ళ క్రితం ఒక్కసారి పెన్‌డ్రైవులోకి ప్రతి తీసిపెట్టారు. ఆ తరువాత మళ్ళీ తీయాలన్న తలపు ఉండేది గాని తీయలేదు.

విజయదశమినాటి ఉదయం స్నానసంధ్యాదులు ముగించుకొని, కొత్త ప్రకరణానికి శ్రీకారం చుట్టాలని కంప్యూటరు ముందు కూర్చున్నారు. మీట నొక్కారు. అందరూ సీపీయూ అని పిలిచే పెట్టెలో ఫ్యాను తిరిగింది, ముందువైపు చిన్న దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఆపి మళ్ళీ నొక్కారు. మూడవసారి నొక్కారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, తెర నల్లగానే ఉంది.

“దీన్ని ఎవరు ముట్టుకున్నారు?” అని ఇల్లంతా వినపడేటట్లు అడిగారు.

దసరా సెలవులకు తల్లితో కలిసి హైదరాబాదు నుంచి వచ్చిన దౌహిత్రుడు, పదకొండేళ్ళవాడు, గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

“అష్టమినాడు సాయంత్రం నేను ఆడుకున్నాను తాతగారూ. మీరే ఆడుకోమన్నారు. సరిగ్గానే ఆపాను.”

“సరిగ్గా ఆపితే ఇవాళ ఎందుకు రాదు? నవమినాడు దీన్ని ఎవరూ తెరవలేదు కదా! నీ తరువాత ఇంకెవరున్నారు?”

పిల్లవాడి దగ్గర సమాధానం లేదు.

“పదకొండేళ్ళ రాత ఉందిరా ఇందులో!” అన్నారు ఆయన. ఆ మాటలో కోపం కంటె భయమే ఎక్కువగా ఉంది. కాని వినేవాడికి భయం వినపడదు, కోపమే వినపడుతుంది. పిల్లవాడు మారు మాట్లాడకుండా డాబా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఊరిలో తెలిసిన రిపేరు దుకాణదారుకు ఫోను చేశారు. ఆయన సంగతి విని, “మదర్‌బోర్డు పోయి ఉంటుందండీ మాస్టారూ. పండగ వెళ్ళాక తీసుకురండి. డేటా సంగతి అప్పుడు చూసి చెబుతాను” అన్నారు. చూడకుండా చెప్పిన మాట. అయినా భయపడినవాడికి ఏ మాటైనా ఆప్తవాక్యంలాగే ధ్వనిస్తుంది.

మధ్యాహ్న భోజనాల తరువాత భార్య వచ్చి, “ఏమండీ, పిల్లవాడు బూరె ముట్టుకోలేదు. రేపు రాత్రి రైలుకు వెళ్ళిపోతాడు” అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళింది. నెపం ఎవరిమీదా వేయలేదు. ఆ రెండు వాక్యాలు ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు.

పడకకుర్చీలో పడుకొని ఆలోచిస్తూ, ఉదయం తాను చేసిన అనుమానాన్ని కాగితం మీద పంచావయవ వాక్యంగా వ్రాసి చూద్దామనుకున్నారు. ఇది ఆయన విద్యార్థులకు పెట్టిన అలవాటే. వాదం బలంగా తోచినప్పుడే దాన్ని అవయవాలుగా విడదీసి చూడాలని తరగతిలో చెప్పేవారు. ప్రతిజ్ఞ: ఈ యంత్రదోషానికి పిల్లవాడి ఆట కారణం. హేతువు: ఆటకు తరువాతనే దోషం కనిపించింది గనుక. ఉదాహరణం దగ్గర కలం ఆగిపోయింది. ‘ఎక్కడెక్కడ పిల్లవాడు ఆడాడో అక్కడక్కడ మరునాడు యంత్రం చెడింది’ అని వ్రాయాలి. కాని వేసవి సెలవులలో వాడు నెలరోజులు ఆడాడు, ప్రతి ఉదయమూ యంత్రం చక్కగా తెరుచుకుంది. సంక్రాంతికీ అంతే. హేతువు ఉన్నది, సాధ్యం లేదు. తరగతిలో మొదటి నెలలోనే చెప్పే సవ్యభిచార హేత్వాభాసం ఇది.

కాకి వాలింది, తాటిపండు పడింది. పూర్వాపరాలను కార్యకారణాలుగా భ్రమించడానికి మనవారు కాకతాళీయమని పేరు పెట్టి ఎంత కాలమైందో! కార్యానికి ముందు ఉండడం ఒక్కటే చాలితే కుమ్మరి మట్టిని మోసిన గాడిద కూడా కుండకు కారణమై కూర్చుంటుంది. అందుకే కారణమంటే నియతంగా ముందుండాలి, అన్యథాసిద్ధం కాకూడదు అని శాస్త్రం రెండు కంచెలు కట్టింది. కారికావళిలో విశ్వనాథపంచాననుడు చెప్పిన ఐదు అన్యథాసిద్ధాలలో చివరిది ఆ గాడిదే. ఉదయం తాను ఆ గాడిదబరువును ఒక పసివాడి వీపుమీద పెట్టారని ఆయనకు ఆ కాగితం చూస్తే తెలిసింది.

ఇంకొక సంగతి కూడా తోచింది. తెర మీద వ్యాఖ్య కనిపించకపోవడం వల్ల వ్యాఖ్య నశించిందని భయపడుతున్నారు. కాని అభావాన్ని నిశ్చయించడానికి కేవలానుపలబ్ధి చాలదు, యోగ్యానుపలబ్ధి కావాలి. వెలుగున్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదనవచ్చు. చీకటిగదిలో కనిపించకపోతే లేదనడానికి వీలులేదు. తెర వెలగని యంత్రం చీకటిగది వంటిది. అందులో వ్రాత ఉన్నదో లేదో ఇప్పుడు తెలియదు. తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు.

నిర్ణయమనుకున్నది సంశయంగా మారింది. న్యాయసూత్రాలలో గౌతముడు పదహారు పదార్థాలను లెక్కించినప్పుడు ప్రమాణప్రమేయాల వెంటనే మూడవదిగా సంశయాన్ని నిలిపాడు, నిర్ణయం తొమ్మిదవది. నడుమ చాలా దూరం ఉంది. ఉదయం ఆ దూరాన్ని ఒక్క అంగలో దాటినందుకు సిగ్గుపడుతూ ఆయన లేచి కంప్యూటరు దగ్గరకు నడిచారు.

బల్ల కిందికి వంగి తీగలు వెతుకుతుండగా వెనుక నుంచి మెల్లగా ఒక మాట వినబడింది.

“తాతగారూ, నేను టార్చి పట్టుకోనా?”

ఆయన వెంటనే బదులు చెప్పలేకపోయారు. తల ఊపారు. పిల్లవాడు వచ్చి పక్కన కూర్చొని వెలుగు చూపించాడు.

మొదట విద్యుత్తు. అదే ప్లగ్గులో టేబుల్ ల్యాంపు పెట్టి చూశారు, వెలిగింది. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ప్రవాహంలో లోపం లేదు. ఆ ప్రవాహాన్ని పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. 12, 5, 3.3 వోల్టులుగా మార్చి భాగాలకు పంచుతుంది. “ఫ్యాను తిరుగుతోంది కదా, కరెంటు బాగానే వస్తోంది తాతగారూ” అన్నాడు పిల్లవాడు. “ఫ్యానుకు పన్నెండు వోల్టులు చాలు. ఆ పన్నెండు వస్తున్నదని మాత్రమే దీనివల్ల తెలుస్తుంది. మిగిలిన రెండింటి సంగతి ఫ్యాను చెప్పదు” అన్నారు ఆయన. హేతువుకు ఎంత బలముందో అంతే చెప్పించాలి, అంతకుమించి ఒక్క మాట కూడా చెప్పించకూడదు.

రెండవది తెర. పెట్టెనుంచి వచ్చే తీగను ఊడదీస్తే తెర మీద ‘నో సిగ్నల్’ అన్న అక్షరాలు వచ్చాయి. తనంతట తాను అక్షరాలు చూపగలుగుతున్నది గనుక తెర జీవించే ఉంది. ఇక తీగ. పిల్లవాడు పరుగెత్తి టీవీ వెనుక ఉన్న తీగను ఊడదీసుకొని వచ్చాడు. దానితోనూ ఫలితం మారలేదు. తీగ కూడా నిర్దోషి. మూడవది బాహ్యోపకరణాలు. కీబోర్డు, మౌసు, ప్రింటరు ఒక్కొక్కటే తొలగించి ప్రతిసారీ మీట నొక్కి చూశారు. తొలగించినా దోషం తొలగలేదు. ఏది లేకపోయినా కార్యం నిలిచే ఉంటుందో అది ఆ కార్యానికి కారణం కాదు. అన్వయవ్యతిరేకాలలో ఇది వ్యతిరేకపు పరీక్ష.

ఇంతలో వీధి చివర దుర్గాదేవి పందిరిలో మైకు ఆగింది. గదిలో నిశ్శబ్దం నిండింది. పిల్లవాడు చెవి పెట్టె దగ్గర పెట్టాడు.

“తాతగారూ, లోపల ఏదో కూస్తోంది.”

ఆయన చెవి ఒగ్గి విన్నారు. ఫ్యాను శబ్దం తప్ప ఏమీ వినపడలేదు.

“ఏమీ లేదే!”

“ఉంది తాతగారూ. పొడుగ్గా కూస్తోంది, ఆగుతోంది, మళ్ళీ కూస్తోంది.”

వయస్సు పైబడినప్పుడు సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులు చెవికి ముందుగా దూరమవుతాయి. ప్రత్యక్షం ప్రమాణజ్యేష్ఠమే గాని ఇంద్రియం దోషరహితంగా ఉన్నప్పుడే. ఇక్కడ ఆయన ఇంద్రియం చాలలేదు. ఆయనకు మిగిలింది శబ్దప్రమాణం ఒక్కటే, ఆ శబ్దం పలికినవాడు పిల్లవాడు. ఆప్తుడంటే తెలిసినదాన్ని తెలిసినట్లు చెప్పేవాడు. ఉదయం ఈ నోటితోనే “సరిగ్గానే ఆపాను” అన్న మాట వచ్చింది. ఆ మాటను ఆయన పరీక్షించకుండానే తోసిపుచ్చారు. ఇప్పుడు ఈ మాటను అంగీకరిస్తే, ఆ మాటను ఎందుకు అంగీకరించలేదో తనకు తాను చెప్పుకోవలసివస్తుంది. ఒక్క క్షణం మౌనంగా ఉండి, “సరే, నువ్వు విన్నావంటే ఉన్నట్టే. ఎన్నిసార్లు కూసిందో లెక్కపెట్టు” అన్నారు.

కంప్యూటరు మేల్కొనగానే మొదట తన అంగాలను తానే పరీక్షించుకుంటుంది. ప్రాసెసరు, జ్ఞాపకభాగం, చిత్రభాగం వరుసగా సరిచూసుకొని, అన్నీ సవ్యంగా ఉంటేనే తెరను వెలిగిస్తుంది. తెర వెలిగించే దశకు ముందే లోపం కనబడితే దానికి చెప్పుకోవడానికి నోరు ఉండదు. అందుకే ఒక చిన్న స్పీకరు ద్వారా కూత పెడుతుంది. ఏ కూతకు ఏ అర్థమో తయారుచేసినవారినిబట్టి మారుతుంది. పదానికీ అర్థానికీ ఉన్న సంబంధం సంకేతం వల్ల ఏర్పడుతుందని నైయాయికులు అన్నట్లే, ఇక్కడ సంకేతం చేసినవారి మాటే ప్రమాణం. అధ్యాపకులు కొన్ననాటినుంచి బీరువాలో దాచిన మదర్‌బోర్డు పుస్తకాన్ని తెచ్చి తిరగేశారు. పొడుగు కూతలు ఆగకుండా వస్తే జ్ఞాపకభాగంలో, అనగా ర్యామ్‌లో, లోపమున్నదని అందులో ఉంది.

ఇప్పుడు పెట్టె తెరవాలి. తీగ ఊడదీసి, లోపల మిగిలిన విద్యుత్తు తొలగిపోవడానికి మీటను కొన్ని క్షణాలు నొక్కిపట్టారు. ఒంట్లోని స్థిరవిద్యుత్తు భాగాలకు సోకకుండా ఇనుపచట్రాన్ని చేతితో తాకారు. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పరాదని పిల్లవాడికి చెప్పి, పక్కరేకు తీశారు. లోపల ఏళ్ళ తరబడి చేరిన ధూళి. పిల్లవాడు టార్చి తిప్పుతూ ఒకచోట ఆపాడు.

“తాతగారూ, బియ్యపుగింజ!”

మదర్‌బోర్డు మీద, ర్యామ్ స్టిక్కుల పక్కనే, పసుపు అంటిన ఒక అక్షింత. పెట్టె పైభాగంలోని జాలిరంధ్రాలలోంచి జారిపడింది.

ఎండిన బియ్యపుగింజ విద్యుత్తును ప్రసరింపజేయదు. దానివల్ల యంత్రానికి ఏ హానీ లేదు. అయినా ఆ అక్షింతను చూడగానే ఆయన ముఖం మారిపోయింది. అది కారణం కాదు, లింగం. నవమినాడు ఆయుధపూజ. కలం, పుస్తకాలు, కంప్యూటరు అన్నీ పీట మీద పెట్టి పూజించడం ఆయన నియమం. ఉదయమే పెట్టెను బల్లమీదనుంచి స్వయంగా దించారు, పక్కకు పడుకోబెట్టి తడిగుడ్డతో తుడిచారు, కుంకుమ పెట్టారు, అక్షింతలు చల్లారు. సాయంకాలం మళ్ళీ ఎత్తి బల్లమీద పెట్టబోతుంటే నడుము పట్టేసింది. చివరి జానెడు దూరం పెట్టె దబ్బున పడింది. ‘నవమినాడు దీన్ని ఎవరూ తెరవలేదు’ అని ఉదయం అన్నమాట అక్షరసత్యమే. తెరవలేదు గాని ఎత్తారు, దించారు, పడవేశారు. పూజ అనే పేరు పెట్టుకోవడం వల్ల ఆ చేష్ట ఆయన లెక్కలోకి రాలేదు. పిల్లవాడి ఆటకూ యంత్రదోషానికీ నడుమ కంటికి కనపడకుండా నిలిచిన తడికట్టె ఆయన చేతులే.

టార్చి వెలుగులో చూస్తే రెండు ర్యామ్ స్టిక్కులలో ఒకటి స్లాటులో వెంట్రుకవాసి వాలి ఉంది. దాని చివరి పట్టుక్లిప్పు పూర్తిగా మూసుకోలేదు. “నొక్కేయనా తాతగారూ?” అన్నాడు పిల్లవాడు. “ఆగు నాన్నా. నొక్కితే పనిచేయవచ్చు. కాని ఎందుకు పనిచేసిందో మనకు తెలియదు” అన్నారు ఆయన. ఉదయం తెలియకుండానే తెలుసనుకున్నారు. సాయంకాలం మళ్ళీ ఆ తప్పు చేయదలచుకోలేదు.

రెండింటినీ తీసివేసి మీట నొక్కారు. అదే కూత అని పిల్లవాడు చెప్పాడు. జ్ఞాపకభాగం లేనప్పుడు యంత్రం ఏ విధంగా విలపిస్తుందో ఇంతకుముందూ అదే విధంగా విలపించింది. పుస్తకంలోని మాటకు ప్రత్యక్షం తోడయింది. తరువాత, ప్రతిసారీ తీగ ఊడదీసి, నిటారుగా ఉన్న స్టిక్కును ఒక్కదాన్నే మొదటి స్లాటులో పెట్టి చూశారు. తెర వెలిగింది! ఆ ఒక్క వెలుగుతో మదర్‌బోర్డు, ప్రాసెసరు, ఎస్.ఎం.పి.ఎస్. మూడూ నిర్దోషులుగా తేలాయి. మదర్‌బోర్డు పోయిందన్న అనుమానం ప్రత్యక్షం చేత బాధితమైంది. పిల్లవాడు ఎగిరి గంతేశాడు. ఆయన మాత్రం యంత్రాన్ని ఆపి, వాలిన స్టిక్కును అదే స్లాటులో గట్టిగా కూర్చోబెట్టి చూశారు. మళ్ళీ కూత.

“అయితే ఇదే చెడిపోయింది” అన్నాడు పిల్లవాడు.

“ఇంకా చెప్పకూడదు. దీని అంచు చూడు.”

ఆ అంచున 240 సన్నని బంగారుపూత చారలు ఉంటాయి. స్లాటులోని తీగెలకు అవి తగిలితేనే సంబంధం ఏర్పడుతుంది. గోదావరి గాలిలోని తేమ, ధూళి కలిసి ఆ చారలమీద సన్నని మసక పొరగా పేరుకున్నాయి. పిల్లవాడు తన పెన్సిలు పెట్టెలోంచి రబ్బరు తెచ్చి ఇచ్చాడు. ఆయన దానితో రెండువైపులా నెమ్మదిగా రుద్ది, రాలిన పొడిని మెత్తని కుంచెతో దులిపి, స్టిక్కును మళ్ళీ స్లాటులో పెట్టి, రెండు క్లిప్పులూ టక్కుమని మూసుకునేదాకా సమంగా నొక్కారు. మీట పిల్లవాడిని నొక్కమన్నారు. తెర వెలిగింది.

స్టిక్కు చెడలేదు, స్లాటు చెడలేదు. ద్రవ్యాలు రెండూ బాగున్నాయి. చెడినది వాటి సంయోగం. వైశేషికులు సంయోగాన్ని ఇరవైనాలుగు గుణాలలో ఒకటిగా లెక్కించారు. రూపం, రసం వంటి గుణాలు ఒక్కొక్క ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉంటాయి. సంయోగం అలా కాదు, అది ఎప్పుడూ రెండింటిని ఆశ్రయించే ఉంటుంది, వాటి విభాగంతో నశిస్తుంది. అందుకే సంయోగంలోని లోపాన్ని ఏ ఒక్క ద్రవ్యంలో వెతికినా దొరకదు. ఒకదాన్ని చెత్తబుట్టలో పారవేసి ఇంకొకటి కొనుక్కున్నవాడు, లోపం పారవేసినదానిలోనే ఉండెనని జీవితాంతం నమ్ముతాడు.

ఇక్కడ కారణం కూడా ఒక్కటి కాదు. ఏళ్ళుగా పేరుకున్న పొర ఉంది, నవమినాటి దెబ్బ ఉంది. పొర ఉన్నా అష్టమిదాకా యంత్రం పనిచేసింది. మిగిలి ఉన్న కొద్దిపాటి స్పర్శను ఆ దెబ్బ తెంచివేసింది. పొర పలుచనై ఉంటే దెబ్బను తట్టుకొనేదేమో. సహకారులన్నీ కూడిన కారణసామగ్రి వల్లనే కార్యం పుడుతుందని శాస్త్రం. ఆ సామగ్రిలో తేమ ఉంది, ధూళి ఉంది, ఏళ్ళ తరబడి పెట్టె విప్పి తుడవని అశ్రద్ధ ఉంది, తన నడుము నొప్పి ఉంది. ఎంత వెతికినా పిల్లవాడి ఆట మాత్రం లేదు. ఉదయం ఆయన అడిగిన ప్రశ్న ‘ఎందువల్ల?’ అన్నది కాదు, ‘ఎవరు?’ అన్నది. దోషిని వెతికేవాడికి ఒక మనిషి దొరకగానే విచారణ ముగుస్తుంది. కారణాన్ని వెతికేవాడు తనను కూడా పరీక్ష్యవస్తువులలో చేర్చుకొని ముందుకు సాగాలి.

రెండు స్టిక్కులూ పెట్టి తెరిచినప్పుడు చిన్న ఆటంకం కలిగింది. తేదీ సరిగా లేదనీ, ఎఫ్1 మీట నొక్కమనీ తెర మీద వచ్చింది. మదర్‌బోర్డు మీద రూపాయిబిళ్ళ వంటి చిన్న బ్యాటరీ ఉంటుంది, 3 వోల్టులది. తీగ ఊడదీసినప్పుడు కూడా కాలగణన ఆగకుండా అదే కాపాడుతుంది. దాని శక్తి క్షీణించడం వల్ల యంత్రం తన కాలాన్ని మరచి, పుట్టుకనాటి తేదీకి పోయింది. 2013 జనవరి 1. “ఈ లెక్కన నేనింకా పుట్టలేదు తాతగారూ” అని పిల్లవాడు నవ్వాడు. “నేను వ్యాఖ్య మొదలుపెట్టనూ లేదు” అన్నారు ఆయన. ఆ రోజంతా ఆ ఇంట్లో మొదటి నవ్వు అది. బ్యాటరీ రేపు కొనవచ్చు. తేదీ సరిచేసి ఎఫ్1 నొక్కారు. కాసేపటికి వ్యాఖ్య తెరుచుకుంది. మొదటి పుటనుంచి చివరి వాక్యందాకా అంతా ఉన్నది ఉన్నట్లే ఉంది. విద్యుత్తు పోగానే మరచిపోయే ర్యామ్ వేరు, విద్యుత్తు లేకున్నా సంస్కారంలాగా నిలుపుకొనే హార్డ్‌డిస్కు వేరు. ఉదయంనుంచీ నశించిందని దుఃఖించినది ఉదయంనుంచీ అక్కడే ఉంది.

ఆయన వ్యాఖ్యను చదువుకుంటూ కూర్చోలేదు. మధ్యాహ్నం వ్రాసిన కాగితం తెచ్చి పిల్లవాడి చేతికి ఇచ్చారు. వాడు ప్రతిజ్ఞావాక్యంలో తన పేరు చూసి తలెత్తాడు.

“పొద్దున నీమీద మోపిన తప్పు నాది నాన్నా. పెట్టెను దించిందీ నేనే, పడవేసిందీ నేనే. నువ్వు నిజం చెప్పావు, నేను వినలేదు.”

“పర్లేదు తాతగారూ.”

“పర్లేదు అనకు. తప్పు ఎక్కడుందో అక్కడ ఉందనే అనాలి.”

పిల్లవాడు కొంచెంసేపు ఆలోచించాడు. తరువాత జేబులోంచి పెన్సిలు తీసి, హేతువాక్యం పక్కన ఇంటూ గుర్తు పెట్టి, కాగితం తిరిగి ఇచ్చాడు. లోపలినుంచి అమ్మమ్మ పిలిస్తే వెళ్ళి రెండు బూరెలు తిని వచ్చాడు.

మరునాడు ఏకాదశి. ఉదయమే ఆయన బజారుకు వెళ్ళి బ్యాటరీతో పాటు రెండు పెన్‌డ్రైవులు కొన్నారు. వ్యాఖ్యను రెండింటిలోకీ ప్రతి తీశారు. ఒకటి బీరువాలో పెట్టారు. రెండవదాన్ని చిన్న కవరులో పెట్టి, రాత్రి స్టేషనుకు బయలుదేరేముందు మనవడి చేతికి ఇచ్చారు.

“ఇది నీ దగ్గర ఉండాలి. ఇక్కడ ఏమైనా నీ దగ్గర ఉన్నది మిగులుతుంది.”

వాడు సంచి తెరిచి, అన్నిటికంటె లోపలి అరలో దాన్ని పెట్టి, జిప్పు మూసి, సరిగ్గా మూసుకున్నదో లేదో ఒకసారి లాగి చూసుకున్నాడు.